ఊకబుట్టలో పదమూడు ముక్కలు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా వీధిలో మజ్జిగ అమ్మే ముసలమ్మ. నేనప్పుడు రైసుమిల్లు వెనకాల ఊకపోగు దగ్గర నిలబడి బుట్ట నింపుకుంటున్నాను. ఆవిడ తలమీద కుండ అలాగే ఉంది, కాళ్ళు మాత్రం పరుగులాంటి నడక.

"ఓలమ్మో, నువ్విక్కడ ఊక ఎత్తుకుంతన్నావా? అక్కడ మీ మావని పోలీసోలు టేసనుకి తీసుకెల్పోతన్నారు! రిక్సా ఎక్కించీసినారు!"

"ఎందుకూ?" అన్నాను.

"ఎందుకేటి, పేకాటంట! మరో ఇద్దరు ముసలోలు రిక్సా ఎనకాల నడుస్తన్నారు. నువ్వు బేగి ఎల్లు. నాను ఆ కాంపౌండరు బాబుకి సెప్పేసి వస్తాను. పక్కూరిలో ఎవులో పోతే పార్థనకి ఎల్లినాడంట."

ఊకబుట్ట అక్కడ దించేసి వెళ్ళాలన్న తెలివి కూడా నాకు లేకపోయింది. చంకన పెట్టుకునే నడిచాను. దారి పొడుగునా దేవుడి పేరు ఒక్కటే అనుకుంటూ వెళ్ళాను. ఆ తొందరలో ఏ కోరికా కోరలేదు. ఎందుకంటే ఏం కోరాలో తెలియలేదు. తరవాత ఆలోచిస్తే, బుట్ట దించకుండా నన్ను నడిపించింది ఆ దేవుడే అనిపిస్తుంది.

మా మావగారు ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు చేసి రిటైరైనవారు. మా పుట్టింట్లో ఆడపిల్లల్ని బడికి పంపలేదు. నేను కాపురానికి వచ్చేటప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఆయన వంటింటి గడప అవతల కూర్చునేవారు, నేను గడప ఇవతల. మధ్యలో నేలమీద బొగ్గుతో రాసి చూపించేవారు. నా పొయ్యి మీద కూర మాడినా సరే, ఆరోజు గుణింతం పూర్తి కావలసిందే. మా అత్తగారు, ఆ మహాతల్లి, మాడిన కూర తింటూ "ఇయాళ 'క' గుణింతం రుసి వచ్చినాది" అని నవ్వేది తప్ప ఒక్కరోజూ కసరలేదు.

ఇంగ్లీషు నేర్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆయన పేకముక్కలు తెచ్చారు. "ఇది ఆసు, దీనిమీద ఎ. ఇది రాజు, కె. ఇది రాణి, తోక ఉన్న సున్న, క్యూ. వీడు జాకీ, జె." నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు అక్షరాలు అవి నాలుగే, అదే వరసలో. ఎ తరవాత బి వస్తుందని నాకు చాలా రోజుల తరవాత తెలిసింది. తెలిసినప్పుడు కొంచెం బాధ కూడా వేసింది, రాజుని పక్కకి నెట్టేసినట్టు.

అలాంటి మనిషికి, మా అత్తగారు పోయిన రెండేళ్ళకి, పందొమ్మిదివందల అరవైల చివర్లో ఒక పొద్దున్న, కుడిపక్క పడిపోయింది. చెయ్యి, కాలు పోయాయి. మాట కూడా పోయింది. నాకు అక్షరాలు నేర్పిన ఆ నోరు "ఊఁ" అనడం తప్ప ఏమీ అనలేకపోయింది. మా ఆయన జూట్‌మిల్లులో పని, తెల్లారగట్ల పాసింజరు ఎక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే. పగలంతా ఆ మంచం, నేనూ.

మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన మా ఊళ్ళోనే ఉండేవారు. పిలవకుండానే వచ్చారు. రోజూ సాయంత్రం నూనె వెచ్చచేయించి మావగారి చెయ్యి తోమేవారు. ఆయన బాప్టిస్టు చర్చి మనిషి. ఆయన దృష్టిలో సారా, చుట్ట, పేకాట ఒకే వరసలో నిలబడి ఉండేవి. ఎవరైనా పేక కలుపుతుంటే ఆ వీధి వదిలి ఇంకో వీధంట వెళ్ళేవారు.

ఒక సాయంత్రం మావగారికి బావ వరసయ్యే ఒక రైతు పెద్దాయన చూడ్డానికి వచ్చారు. మాట్లాడదామంటే అవతలి మనిషికి మాట లేదు. ఊరికే కూర్చోలేక గూట్లో ఉన్న పాత పేక తీసి, మంచమ్మీదే తనలో తను పరుచుకుంటున్నారు. ఒక ముక్క వేసి "ఇది డైమను కదూ" అని గొణిగారు, కళ్ళు సరిగ్గా కనపడక.

"కాదు. ఆఠీను."

ఎవరన్నారో మాకు ముందు తెలియలేదు. మావగారు! కాంపౌండరుగారి చేతులు నూనెలోనే ఆగిపోయాయి. ఆయన రైతు పెద్దాయన వైపు తిరిగి, "ఇంకో ముక్క తప్పు చెప్పండి" అన్నారు.

"ఇది కళావరు."

"ఇస్పేటు!" అన్నారు మావగారు, కోపంగా, బళ్ళో పిల్లాడిని అన్నట్టు.

కాంపౌండరుగారు నూనెగిన్నె మంచంకింద పెట్టారు. చేతులు తుడుచుకుని, లేచి, వెళ్ళబోతూ నాతో అన్నారు: "అమ్మా, రోజూ ఆడించండి. నేను ఆ వైపు చూడను. కానీ ఆపకండి."

అలా మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అరుగుమీద ముగ్గురు కూర్చునేవారు. మావగారు, రైతు పెద్దాయన, పొందూరు నుంచి వచ్చి మా వీధిలో కూతురింట్లో ఉంటున్న నేతపని తాత. పదమూడు ముక్కల రమ్మీ. పందెం చింతపిక్కలు, అవి కూడా సాయంత్రానికి మళ్ళీ నా డబ్బాలోకే వచ్చేవి. మావగారికి ఎడమచేత్తో పదమూడు ముక్కలు పట్టుకోవడం కుదరలేదు. ఒక బుట్టనిండా ఊక కూరి, గట్టిగా అదిమి, ముందు పెట్టాను. ఆయన ఒక్కో ముక్కా ఎడమచేత్తో ఊకలో గుచ్చుకునేవారు, నారుమడి నాటినట్టు. నెలకోసారి ఇంకో బుట్టలో కొత్త ఊక నింపి తెచ్చి మారుస్తుండేదాన్ని, లేకపోతే పొడైపోయి దగ్గు వచ్చేది.

ఆ ఆటలో ఉన్నంతసేపు మావగారికి మాట వచ్చేది. "ఆ రాణి పారెయ్, దాచుకుని ఏం చేస్తావ్" అనేవారు. ఆట అయిపోతే మళ్ళీ "ఊఁ" ఒక్కటే. మంచినీళ్ళు కావాలని కూడా అనలేకపోయేవారు. దేవుడు ఆయన మాటలన్నీ తీసుకెళ్ళి ఆ యాభైరెండు ముక్కల్లో దాచిపెట్టాడని నేననుకునేదాన్ని. దాచిపెట్టాడు, పారెయ్యలేదు. అందుకు రోజూ దండం పెట్టుకునేదాన్ని.

కాంపౌండరుగారు కూడా వచ్చేవారు. అరుగు చివర వీధివైపు తిరిగి, వీపు ఆటవైపు పెట్టి, రైల్లో వచ్చిన పేపరు పైకి చదివేవారు. వెనకాల తగువు వస్తే తిరక్కుండానే తీర్పు చెప్పేవారు. "కళావరు తొమ్మిది ఆయనే వేశాడు, నేను విన్నాను. గొడవ ఆపండి."

ఇంకో అలవాటు కూడా పడింది. ఇంటికి ఉట్టిచేతుల్తో రాకూడదని ఆ ఇద్దరూ వాళ్ళ పెరట్లో పువ్వులు కోసి తెచ్చేవారు. గుమ్మం పక్కన నేనొక ఇత్తడి పళ్ళెం పెట్టాను. వచ్చీరాగానే అందులో వేసి, ఆ తరవాతే కూర్చునేవారు. మర్నాడు పొద్దున్న నా పూజకి అవే పువ్వులు. కాంపౌండరుగారు కూడా తెచ్చేవారు, ఒక్క గులాబీ. కానీ పళ్ళెంలో వేసేవారు కారు. విడిగా గూట్లో పెట్టి, "ఇది కోడలమ్మకి. దేవుడి లెక్కలోది కాదు" అనేవారు. నేను తల్లో పెట్టుకునేదాన్ని.

ఇంత నిమ్మళంగా సాగుతుంటే, ఒకరోజు మా వీధి తిరిగే కానిస్టేబులు వచ్చాడు. మంచివాడు. మావగారి దగ్గర చదువుకున్నవాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేస్టారూ, కొత్త ఎస్సైగారొచ్చినారండి. ఈదిమీదకి కనపడీలాగ పేకాడితే అది నేరంటండి. మీరని కాదు, ఎవులైనా. లోపలెల్లి ఆడుకోండి బాబూ, నాకు ఇబ్బందవ్వకుంట."

ముసలివాళ్ళు చట్టానికి భయపడేవాళ్ళు. చెప్పినదానికి రెండింతలు చేశారు. లోపలికి వెళ్ళారు, సరే. వెళ్ళి తలుపు వేశారు. వేసి గడియ పెట్టారు. కిటికీకి దుప్పటి కట్టారు. మా వీధిలో పగటిపూట తలుపు వేసుకునే ఇల్లు లేదు. వేస్తే, లోపల ఎవరికి ఏమైందోనని పక్కింటివాళ్ళు వచ్చి కొట్టేవారు. అందులోనూ అవి మా జిల్లాలో కొండలవైపు నక్సలైట్ల గొడవలు నడుస్తున్న రోజులు. తలుపు మూసుకుని నలుగురు కూర్చున్నారంటే పోలీసులకి కాలు నిలిచేది కాదు. నాకైనా ఆ మాట తట్టవద్దూ? తట్టలేదు. పైగా దుప్పటికి మేకులు అందించింది నేనే.

కొన్నాళ్ళు ఏమీ కాలేదు. కాంపౌండరుగారు లోపలికి రాకుండా ఎప్పటిలా అరుగుమీదే కూర్చుని పేపరు చదివేవారు కదా, అందుకని. ఆయన ప్రార్థనకని పక్కూరు వెళ్ళిన రోజున అరుగు ఖాళీ, తలుపు బిడాయింపు, గుమ్మంలో చెప్పులు. కొత్త ఎస్సైగారు అటే వెళ్తూ ఆగి తలుపు కొట్టారు. లోపలివాళ్ళు గాభరాపడి ముక్కలన్నీ మంచమ్మీది దుప్పటికింద తోసి, ఆ తరవాత గడియ తీశారు. ఇంకేముంది.

నేను స్టేషనుకి చేరేసరికి మావగారిని బల్లమీద కూర్చోబెట్టారు. ఆయన కళ్ళు నేలమీద ఉన్నాయి. అంతమందికి పాఠం చెప్పిన మనిషి. మమ్మల్నెరిగిన కానిస్టేబులు ఆరోజు బందోబస్తుకి వెళ్ళాడు. ఎస్సై కుర్రవాడే, గోదావరివైపు మాట. మూడుసార్లు పేరడిగారట, ఈయన "ఊఁ" అన్నారట. చెప్పడం ఇష్టం లేక అనుకున్నారు ఆయన.

రైతు పెద్దాయన చట్టంతో బేరమాడుతున్నారు. "బాబూ, ముసిలోలకి ఏటీ మినాయింపు లేదా? నాకు డెబ్బై దాటిపోనాయి."

"చట్టంలో వయసు రాయలేదు తాతగారూ. పాతికేళ్ళవాడికీ మీకూ ఒకటే."

"పాతికేల్లోడు పేకాడితే సెడిపోతాడు. నానింకేటి సెడిపోతాను, టైమెక్కడుంది?"

పక్కన కేసులు రాసుకునే రైటరు మొహం తిప్పుకుని నవ్వాడు. ఎస్సైగారు నవ్వలేదు. పొందూరు తాతవైపు తిరిగారు. "మీరు చెప్పండి. నిజం చెప్పండి. ఆడ్డానికి వచ్చేవాళ్ళు ఆ ఇంటివాళ్ళకి ఏమైనా ఇస్తారా?"

ఆ తాత నూలు వడికినంత సన్నగా, ముడి లేకుండా మాట్లాడే మనిషి. జన్మలో అబద్ధం ఎరగడు. "ఇస్తాం బాబూ. రోజూ ఇస్తాం. ఇవ్వకుండా ఒక్కరోజు కూర్చోలేదు."

రైటరు కలం ఎత్తాడు.

"ఎంతిస్తారు?"

"ఇంతని ఏటి సెప్తాం. ఉన్నరోజు దోసెడు. లేనిరోజు రెండో మూడో."

"ఎవరు తీసుకుంటారు?"

"కోడలమ్మ తీసుకుంతాది. అదిగో, వచ్చినాది."

అందరూ నావైపు చూశారు. చంకన బుట్ట, దాన్నిండా ఊక.

"ఏం చేస్తుంది?"

"దేవుడి దగ్గిర పెడతాది బాబూ."

"దేవుణ్ణి కూడా కలుపుకున్నారా!" అన్నారు ఎస్సైగారు. తరవాత కొంచెం మెత్తబడి నాకు విడమర్చి చెప్పారు. సరదాగా ఆడుకోవడం వేరు, ఇంట్లో పేకాట పెట్టించి, వచ్చినవాళ్ళ దగ్గర వాటా తీసుకోవడం వేరు. రెండోదైతే అది జూదపు కొంప. ఆ ఇంటి యజమానిమీద కేసు కట్టాల్సిందే. యజమాని మావగారు.

"పువ్వులు బాబూ, అవి పువ్వులు" అన్నాను. నేనెప్పుడూ యూనిఫారం వేసుకున్న మనిషితో మాట్లాడి ఎరగను. అన్నానో, అనుకున్నానో. ఎస్సైగారికి వినపడింది కానీ, "ఇంటివాళ్ళ మాట సాక్ష్యానికి పనికిరాదమ్మా. బయటివాళ్ళెవరైనా చెప్పాలి" అన్నారు.

నాకు కేసు భయం కన్నా ఇంకో భయం పట్టుకుంది. మావగారు ఇంక పేక ముట్టుకోరు. ముట్టుకోకపోతే ఆ కాసిని మాటలు కూడా పోతాయి. బల్లమీద ఆయన ముఖం చూస్తే అప్పుడే సగం పోయినట్టున్నాయి.

అప్పుడు వచ్చారు కాంపౌండరుగారు. ప్రార్థనకి వేసుకున్న తెల్లచొక్కా, చేతిలో నల్లట్ట బైబిలు. మజ్జిగ ముసలమ్మ ఆయన వెనకాలే గుమ్మందాకా వచ్చి నిలబడింది.

"మీరూ ఆడతారా?" అడిగారు ఎస్సైగారు.

"పుట్టాక ఒక్క ముక్క తాకలేదు. నా మతంలో అది తప్పు."

"మరి రోజూ ఆ ఇంటి దగ్గరే ఉంటారట."

"ఉంటాను. పేపరు చదువుకుంటాను. అందుకే చెప్పగలను. ఆ ఇంట్లో పైసా చేతులు మారలేదు. వీళ్ళు ఇచ్చేవి పువ్వులు. నందివర్ధనాలు, మందారాలు, గన్నేరు. ఆ తల్లి వాటితో పూజ చేసుకుంటుంది. ఆ పూజా నా మతంలో లేదు, ఈ ఆటా లేదు. రెండింటి తరఫునా నేనే సాక్ష్యం చెబుతున్నాను. రాసుకోండి."

"అదే కదా నాను సెప్పినాను!" అన్నాడు పొందూరు తాత.

"పువ్వులని ఎక్కడ సెప్పినావయ్యా!" అని రైతు పెద్దాయన తల పట్టుకున్నారు.

"ఏటిస్తారని ఆయన అడగలేదు కదా. ఇస్తారా అని అడిగినాడు. ఇస్తామన్నాను."

కాంపౌండరుగారు ఎస్సైగారి దగ్గరగా వెళ్ళారు. "ఇంకొక్క మాట. ఈయన మీకు జవాబు చెప్పకపోవడం పొగరు కాదు. మాట పోయింది. నేను నలభై ఏళ్ళు మందులు కలిపాను. నా మందులేవీ ఈయన నోరు తెరిపించలేదు. ఆ పేకముక్కలు తెరిపించాయి. నాకు ఇష్టం లేకపోయినా ఆ మందు చెప్పింది నేనే. నమ్మకపోతే ఇచ్చి చూడండి."

ఎస్సైగారు కుర్చీలోంచి లేచారు. ఇంట్లోంచి తెచ్చిన పేక ఆయన టేబులుమీదే ఉంది. రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, పదమూడు ముక్కలు పంచి మావగారి ముందు పెట్టారు. నేను ఊకబుట్ట బల్లమీద పెట్టి, అరచేత్తో గట్టిగా అదిమాను. కొత్త ఊక కదా, ఇంకా వెచ్చగా ఉంది.

మావగారు వెంటనే కదల్లేదు. తరవాత ఎడమచెయ్యి లేచింది. ఒక ముక్క గుచ్చారు. ఇంకోటి. పదమూడూ గుచ్చి, వెనక్కి ఆని చూశారు. ఆసులు మూడు పక్కపక్కనే వచ్చాయి. రాజులు కూడా. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఎస్సైగారివైపు తల ఎత్తారు.

"నువ్వు పేక సరిగ్గా కలపలేదు" అన్నారు. స్పష్టంగా.

రైటరు కలం కింద పెట్టేసి పైకే నవ్వాడు. ఎస్సైగారికి కూడా నవ్వు ఆగలేదు. "కలపలేదు మేస్టారూ, తప్పే" అన్నారు. నాకు కళ్ళనిండా నీళ్ళు, ఎస్సైగారికి ఎలా దండం పెట్టానో గుర్తులేదు.

పంపించేముందు ఆయన మళ్ళీ మాకు విడమర్చి చెప్పారు. రమ్మీ అనేది తెలివితో ఆడే ఆట అని, ఉత్త అదృష్టపు ఆట కాదని, మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే ఢిల్లీ పెద్దకోర్టు చెప్పిందట. ఇంటివాళ్ళు వాటా తీసుకోనంతవరకు, వీధిమీద కూర్చోనంతవరకు, నలుగురు పెద్దవాళ్ళు కాలక్షేపానికి ఆడుకుంటే తప్పులేదు. "కానీ తాతగారూ, ఆ తలుపు మాత్రం తీసి ఆడుకోండి. మూసుకుంటేనే మాకు అనుమానం."

"మీ కానిస్టేబులు లోపల ఆడుకోమన్నాడు బాబూ" అన్నారు రైతు పెద్దాయన.

"లోపలే. తలుపు తీసి."

అంత చిన్న మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే! కానీ చెప్పి ఉంటే ఆ తెల్లచొక్కా మనిషి ఎంతటివాడో నాకు తెలిసేది కాదు.

మర్నాడు దుప్పటి విప్పాను. తలుపు బార్లా తీసి, కదలకుండా రుబ్బురోలు పొత్రం అడ్డం పెట్టాను. ఇద్దరూ వచ్చారు, పళ్ళెంలో పువ్వులు పడ్డాయి. కాంపౌండరుగారు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పేకాటగాళ్ళ తరఫున, విగ్రహారాధన తరఫున స్టేషన్లో నిలబడ్డాడని వాళ్ళ చర్చి పెద్దలు కొందరు నొచ్చుకున్నారని మజ్జిగ ముసలమ్మ చెప్పింది. ఆదివారాలు అందరి ముందు నిలబడి వాక్యం చదివే పని ఎన్నో ఏళ్ళుగా ఆయనది. కొన్నాళ్ళు వేరేవారిని చదవమన్నారట. ఆయనకి అదొక్కటే గొప్ప, అదొక్కటే ఇష్టం.

మూడోరోజు ముక్కలు పంచితే మావగారు ఊకలో గుచ్చలేదు. గుమ్మంలోంచి ఖాళీ అరుగువైపే చూస్తూ కూర్చున్నారు. నేను తలమీద కొంగు వేసుకుని కాంపౌండరుగారి ఇంటికి వెళ్ళాను. ఆయన గులాబీ మొక్కకి నీళ్ళు పోస్తున్నారు.

"మావల్ల మీకు మాటొచ్చింది బాబుగారూ" అన్నాను.

"వాక్యం ఇంటిదగ్గర కూడా చదువుకోవచ్చు తల్లీ" అన్నారు. చెంబులో మిగిలిన నీళ్ళు పోసేసి, "రెండురోజులు నా మనసే నాకు బాగులేదు. వాళ్ళమీద కోపం కాదు" అన్నారు. చెంబు దించి, ఒక గులాబీ కోసి, నాతో బయలుదేరారు.

ఆయన మా అరుగెక్కుతుంటే లోపలినుంచి మావగారు ఎడమచెయ్యి ఎత్తారు. పెదవులు చాలాసేపు కదిలాయి. "రండి. పేపరు... చదవండి" అన్నారు.

అందులో పేక మాట ఒక్కటీ లేదు.

ఆ తరవాత మావగారు ఇంకా నాలుగేళ్ళు ఉన్నారు. మంచినీళ్ళు అడిగారు, అన్నం అడిగారు. పోయే ముందు ఏడాది నన్ను పిలిచి, "ఎ తరవాత?" అని పరీక్ష పెట్టారు. "రాజు" అన్నాను. పడీ పడీ నవ్వారు. కాంపౌండరుగారికి చర్చిలో వాక్యం చదివే పని తిరిగి వచ్చింది. అయినా మా అరుగు మానలేదు, మావగారు పోయాక కూడా. ఒక్కరే కూర్చుని పేపరు పైకి చదివేవారు, లోపల నాకు వినపడేటట్టు.

ఇప్పుడు ఆయనా లేరు. నాకు ఇద్దరు మనుషుల వల్ల మాట దక్కింది. ఒకరు నాకు అక్షరం నేర్పి, ఇంకొకరు ఆ నేర్పినాయనకి మాట తిరిగి ఇప్పించి. మొదటాయనకి ఏటేటా తద్దినం పెట్టడానికి మేమున్నాం. రెండో ఆయనకి పిల్లల్లేరు. పొద్దున్న పూజకి పువ్వులు కోసినప్పుడు ఒకటి పక్కన పెట్టి తల్లో తురుముకుంటాను, అది దేవుడి లెక్కలోది కాదు. ఇది చదివినవారు మీ ఇంట్లో ఏ దేవుడి ముందు తల వంచేవారైనా సరే, ఎప్పుడైనా ఒక్కసారి, ఆటకి వీపు పెట్టి కూర్చున్న ఆ కాంపౌండరుగారిని తలుచుకోండి.